సార్ చెప్పమన్నారు

“సార్ లేరా మేడం?”

గేటు దగ్గర నిలబడి ప్లంబరు అడిగిన మొదటి మాట అది. లెక్కల టీచరు చేతిలో కొలత టేపు ఉంది, చెవి వెనకాల పెన్సిలు ఉంది, సెలవు రోజుల్లో డాబా మీద మోకాళ్ళు అరిగేలా పాకి కొలిచి గీసుకున్న బొమ్మ ఉంది. లేనిదల్లా సారే. “ఆఫీసుకెళ్ళారు. పని నేను చెప్తాను,” అంది. ప్లంబరు ఆమె భుజం మీదుగా ఇంట్లోకి తొంగిచూశాడు, సార్‌ని ఎక్కడైనా మడతపెట్టి బీరువాలో దాచిందేమో అన్నట్టు. “పర్లేదు మేడం. సార్ ఉన్నప్పుడే వస్తాను,” అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు. అదే వచ్చిన చిక్కు. అమర్యాదగా అని ఉంటే ఆమెకీ ఏదో ఒకటి అనే వీలుండేది. ఆ వీధిలో సగం మంది పిల్లలకి లెక్కలు నేర్పిన మనిషి ఆమె. ఆ మనిషిని లెక్కచేసే మనిషి మాత్రం ఇంకా తయారుకాలేదు.

ఆ ఇంట్లో నీళ్ళు ఆడవాళ్ళ శాఖ. ట్యాంకరు డ్రైవరుకి ఫోను చేసి బతిమాలడం, తెల్లారకముందే ఇంటి బట్టల్లో వీధిలోకి పరుగెత్తి గొట్టం పట్టుకోవడం, పక్కింటావిడ గొట్టం కంటే ముందు తన గొట్టం దూర్చడం, కూరగాయలు కడిగిన నీళ్ళతో గిన్నెలు, గిన్నెలు కడిగిన నీళ్ళతో గచ్చు, అన్నీ ఆ శాఖ కిందికే వస్తాయి. జీతం లేని శాఖ, సెలవు లేని శాఖ. అత్తగారు స్నానాల గది తలుపు ఓరగా తెరిచి, “ఒక్క బకెట్టేనా అమ్మాయ్, నేనేమన్నా పిచ్చుకనా?” అని అడిగినప్పుడల్లా ఆమెకి తానే ఆ నీళ్ళు తాగేసినంత సిగ్గేసేది. ఏదో ఒకటి చేద్దామండీ అని భర్త దగ్గర ఎత్తితే, “నీళ్ళ గోల నా దగ్గరికి తేకోయ్, నాకు ఆఫీసులోనే సవాలక్ష,” అనేవాడు. గట్టిగా నిలదీస్తే నీళ్ళు నమిలేవాడు. కుళాయిలన్నీ ఎండిపోయిన రోజుల్లో కూడా ఆయన నమలడానికి నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చేవో ఆమెకి ఎప్పటికీ అంతుపట్టలేదు.

కిందటేడు ఒక సాయంత్రం కుండపోతగా వాన కురిసింది. డాబా మీది నీళ్ళన్నీ చూరు గొట్టంలోంచి ధారకట్టి వీధిలోకి పోతున్నాయి. ఆమె వంటింటి కిటికీలోంచి అది చూస్తూ, అడుగంటిన బిందెలో చెంబు ముంచుతోంది. చెంబు అడుగుకి తగిలి గరగరమంది. ఇంటి మీద పడ్డ నీళ్ళు వీధి పాలు, వీధిలో కొన్న నీళ్ళు ఇంటి పాలు. లెక్కలు చెప్పుకుని బతికే మనిషి ఇంట్లో ఇంతకన్నా సిగ్గుమాలిన లెక్క ఉంటుందా అనిపించింది. మర్నాడే చదవడం మొదలుపెట్టింది. డాబా వైశాల్యమెంత, వాన ఎంత పడుతుంది, గొట్టం ఎంత వెడల్పుండాలి, కంకరా ఇసుకా బొగ్గూ పొరలుగా వేసిన డ్రమ్ములోంచి వడగట్టి నీళ్ళని సంపులోకి ఎలా దింపాలి, మిగిలినవి ఇంకుడు గుంతలోకి ఎలా మళ్ళించాలి. పరీక్ష పేపర్లు దిద్దుతూ మధ్యలో గొట్టాల బొమ్మలు గీసింది. అది చూసి ఆయన, “ఏమిటోయ్, గొట్టాల మీద పడ్డావు?” అని నవ్వాడు. “ఇంకుడు గుంతండీ,” అంది. “ఇంకు గుంటలో పడితే ఇంకు మరకలే మిగులుతాయి,” అన్నాడు. ఆయన పరిహాసాలు అలాగే ఉంటాయి, తడీ ఉండదు పొడీ ఉండదు. అయినా ఆమె నవ్వింది. భర్త జోకుకి నవ్వడం కూడా ఆ శాఖ కిందికే వస్తుంది.

ప్లంబరు రెండోసారి వచ్చినప్పుడూ సార్ లేరు. ఈసారి పని ఇంకోచోట దొరకలేదేమో, గొణుక్కుంటూ దిగాడు. ఇంకెవరింట్లోనో మిగిలిపోయిన సన్న పైపులు బండి మీద వేసుకొచ్చాడు. “ఇవి సరిపోవు. పెద్ద వానొస్తే నీళ్ళు డాబా మీదే నిలిచిపోతాయి, వెడల్పువి కావాలి,” అందామె. “మీకు తెలీదులెండి మేడం. నేనెన్ని ఇళ్ళు చేశాను.” ఆమె బొమ్మ చూపించింది. ప్లంబరు దాన్ని పిల్లలు గీసిన ఏనుగు బొమ్మని మెచ్చుకున్నట్టు చూసి, “బావుంది మేడం,” అని జేబులోంచి జిగురు డబ్బా తీశాడు. జిగురు ఒకసారి పూశాడంటే ఇక అంతే. ఆమె కంగారుగా, “ఉండండి, సార్‌ని అడుగుతాను,” అంది.

నిజంగానే అడిగింది. ఆయన ఫోనెత్తి, “మీటింగులో ఉన్నాను, ఏదో ఒకటి చెప్పి పంపించు,” అని పెట్టేశాడు. ప్లంబరు అక్కడే నిలబడి చూస్తున్నాడు. మొగుడు మాట మధ్యలో ఫోను పెట్టేశాడని పరాయి మనిషికి తెలియడం ఎంత నామోషీ. ఆమె చెవి దగ్గర్నుంచి ఫోను తియ్యలేదు. తీస్తే పరువు పోతుంది. “ఆఁ, అలాగేనండీ,” అంది. అవతల ఎవరూ లేరు. “వెడల్పు పైపులేనా? ఇవి వద్దంటారా? సరేనండీ, చెప్తానండీ.” ఫోను దించి, “సార్ వెడల్పువే వెయ్యమన్నారు,” అంది. ప్లంబరు జిగురు డబ్బా మూత పెట్టేశాడు. “ముందే చెప్పొచ్చు కదా మేడం,” అని బండెక్కి, గంటలో వెడల్పు పైపులతో తిరిగొచ్చాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది, మొహం కడుక్కుందామని. అందులో నీళ్ళెక్కడివి? కొంగుతో అద్దుకుంది.

ఆ రోజు నుంచి పని పరుగులు తీసింది. డాబా వాలు ఎటు ఉండాలి? సార్ చెప్పమన్నారు. డ్రమ్ములో కంకర అడుగునా పైనా? సార్ చెప్పమన్నారు. తొలి జల్లు డాబా మీది దుమ్మునీ పావురాల రెట్టల్నీ కడుక్కొస్తుంది కదా, ఆ మురికినీళ్ళు పక్కన మూతి బిగించిన గొట్టంలోకి పోయి, అది నిండాకే శుభ్రమైన నీళ్ళు డ్రమ్ములోకి మళ్ళాలి. ఆ గొట్టాన్ని చూసి ప్లంబరు, “ఇదెందుకు మేడం, దండగ,” అన్నాడు. ఆమె ఫోను చెవికి ఆనించుకుని కాసేపు విని, “దండగ కాదట. ఇది లేకపోతే పావురాలు మన సంపులో స్నానం చేసినట్టేనట,” అంది. ప్లంబరు తెగ నవ్వాడు. “సార్‌కి భలే మాటలొచ్చు మేడం.” తన మాటకి ఒకరు అంతగా నవ్వడం ఆమెకి కొత్త. అది తన మాట కాకుండా పోవడం మాత్రం పాతదే. బళ్ళో ప్రతి ఏడూ టైంటేబులు ఆమె వేస్తుంది, కింద సీనియర్ సారు సంతకం పెడతాడు. హెడ్మాస్టరు, “సారు టైంటేబులంటే తిరుగుండదు,” అంటాడు.

మెల్లగా ఆ ఫోను సారుకి ఒక స్వభావం కూడా వచ్చేసింది. అసలు సారుకి కోపం ఎక్కువ, ఫోను సారుకి ఓర్పు ఎక్కువ. అడిగినదానికల్లా జవాబు చెప్పేవాడు, ఎప్పుడూ మీటింగులో ఉండేవాడు కాదు, ఒక్కసారి కూడా మధ్యలో ఫోను పెట్టెయ్యలేదు. “ఎండగా ఉంది, మీకు టీ ఇమ్మంటున్నారు సార్,” అని ప్లంబరుకి టీ ఇచ్చేది. ఒక మధ్యాహ్నం డాబా మీద ఇటుకలు అందించి అందించి నడుం పట్టేసింది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, పైపు సంగతి మాట్లాడుతూ మాట్లాడుతూ, “లేదండీ, నేనింకా తినలేదు. తింటానులెండి,” అంది. ప్లంబరు వినడానికి అన్న మాట కాదది. అది ఎందుకు అందో ఆమెకే తెలీదు. ఇన్నేళ్ళ కాపురంలో, తిన్నావా అని అడిగించుకోవడానికి, లేని మొగుణ్ణి ఫోనులో పెట్టుకోవలసి వచ్చింది. దేనికైనా ఒక హద్దుండాలి. ఆ పూట ఆమె ఎవరి మొహమూ చూడలేకపోయింది, ఖాళీ ఫోను మొహం కూడా.

ఇదంతా కనిపెట్టింది కూతురు. ఇంట్లో దాన్ని అందరూ పిడుగు అంటారు. ఏడో తరగతి చదువుతోంది, ఎక్కడ పడుతుందో ముందుగా తెలీదు. ఒకరోజు ప్లంబరు నిచ్చెన మీంచి, “మేడం, సార్‌ని అడగండి, వంపు ఇటా అటా,” అని కేకేస్తే, ఆమె తొందరలో బల్ల మీదున్నది అందుకుని చెవికి పెట్టుకుంది. “ఆఁ ఏమండీ, వంపు సంపు వైపేనా?” అని అడుగుతుంటే గుమ్మంలో పిడుగు పొట్ట పట్టుకుని కూలబడి ఉంది. ఆమె చెవి దగ్గరున్నది ఫోను కాదు, క్యాలిక్యులేటరు. “అమ్మా, నాన్న లైన్లో ఉన్నాడా, కూడికల్లో ఉన్నాడా?” అని గుసగుసగా అడిగింది. ఆమెకీ నవ్వొచ్చింది. నవ్వుతూనే, “ఎవరికీ చెప్పకు,” అంది. తల్లీ కూతుళ్ళిద్దరూ కలిసి చేసే దొంగతనంలా, అది కొన్నాళ్ళు సరదాగానే నడిచింది.

తొలి పెద్ద వాన ఆదివారం పొద్దున్న పడింది. మురికి గొట్టం నిండింది, మళ్ళింపు దగ్గర నీళ్ళు ఒక్క క్షణం తటపటాయించి డ్రమ్ములోకి తిరిగాయి, డ్రమ్ములోంచి సంపులోకి చల్లగా, తేటగా దిగాయి. ఆమె గొడుగు కింద నిలబడి చూస్తుంటే కాన్పయి బిడ్డని చూసుకుంటున్నట్టనిపించింది. వాన వెలిశాక వీధి సంఘం అధ్యక్షుడు, నలుగురు ఇరుగుపొరుగు వాళ్ళూ చూడ్డానికొచ్చారు. ప్లంబరు కూడా వచ్చాడు, తన పని చూసుకోవడానికి. “అంతా సార్ చలవే. ఆఫీసులో కూర్చుని ఫోన్లోనే మొత్తం నడిపించారు. అంగుళం తేడా రానిచ్చారా?” అన్నాడు అందరి ముందూ.

పక్కనే నిలబడ్డ భర్త ఆమె వైపు చూశాడు. అరక్షణం. ఆ అరక్షణంలో ఆయన మొహంలో ఒక ప్రశ్న పుట్టింది, ఆమె దాన్ని స్పష్టంగా చూసింది. అడిగి ఉంటే బావుండేది. ఆయన అడగలేదు. ప్రశ్న ఎలా వచ్చిందో అలాగే ఇంకిపోయింది, గుంత కూడా అవసరం లేకుండా. “ఏదో, తీరిక దొరికినప్పుడు చెబుతుండేవాణ్ణి,” అన్నాడు. అత్తగారు వెంటనే అందుకుంది. “వాడి బుర్ర చిన్నప్పట్నుంచీ అంతే. ఏ వస్తువిచ్చినా విప్పేసేవాడు.” మళ్ళీ బిగించేవాడో లేదో ఎవరూ అడగలేదు. నీళ్ళు బిందెల్లో ఉన్నంతకాలం ఆమెవి. పైపుల్లోకి ఎక్కేసరికి ఆయనవయ్యాయి.

“నాన్న కాదు,” అంది పిడుగు. అందరూ తిరిగి చూశారు. “నాన్నకి ఏ పైపు ఎటు పోతుందో కూడా తెలీదు. అంతా అమ్మే చేసింది. ఫోన్లో ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ఒకసారి క్యాలిక్యులేటరుతో కూడా మాట్లాడింది. కావాలంటే అడగండి.”

అడగనక్కర్లేకుండానే అందరూ ఆమె వైపు చూశారు. అధ్యక్షుడి పెదాల మీద నవ్వు మొదలవుతోంది. ప్లంబరు నోరు తెరుచుకుంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె నేర్చుకున్న పనులన్నిటిలోకీ చేతికి తొందరగా వచ్చే పని ఒకటుంది, ఆ చెవుల ఎరుపు తగ్గించడం. ఆలోచించే లోపలే నోరు ఆ పని చేసేసింది. “దీనికి కథలు చెప్పడం అలవాటండీ. నేనెక్కడ, ఈ గొట్టాలెక్కడ?” అని నవ్వింది. అందరూ నవ్వారు. “పిల్ల పిడుగే,” అన్నాడు అధ్యక్షుడు. “అబద్ధాలు ఆడకూడదమ్మా,” అంది అత్తగారు మనవరాలి తల నిమురుతూ.

పిడుగు నవ్వలేదు. ఏడవలేదు. తల్లి మొహంలోకి తిన్నగా చూసింది, బోర్డు మీద టీచరే తప్పు లెక్క వేస్తే వెనక బెంచీ పిల్లలు చూస్తారే, అలా. తర్వాత లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి, ఆ తర్వాతి రోజుల్లో కూడా మామూలుగానే ఉంది. తిన్నది, చదివింది, ఆడింది. బడిలో జరిగినవి మాత్రం చెప్పడం మానేసింది. “ఏం జరిగిందే ఇవాళ?” అంటే, “ఏం లేదు,” అనేది. అడిగితే చెప్పేవి చెబుతుంది. అడగకుండా చెప్పేవి ఆగిపోయాయి. సంపు నిండా నీళ్ళున్నాయి. అత్తగారు రెండు బకెట్లు పోసుకుంటోంది. ట్యాంకరు వెనక పరుగుల్లేవు. ఆమె మాత్రం స్నానాల గదిలో చల్లటి నీళ్ళు ఎన్ని పోసుకున్నా, మొహం మీది వేడి దిగేది కాదు. బిడ్డ నిజం చెప్పింది. నలుగురిలో దాన్ని అబద్ధాలకోరుని చేసింది ఎవరో కాదు, కన్నతల్లి. అదీ ఎందుకు? ఒక మగాడి చెవులు ఎర్రబడకుండా.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం బడి నుంచి వస్తుంటే, మలుపులో సైకిల్ షాపు ముందు పిడుగు కనిపించింది. సైకిలు తలకిందులుగా నిలబెట్టి ఉంది. పిలవబోయి ఆగిపోయింది. “బ్రేకు తీగ తెగిపోయేలా ఉంది, మార్చండి,” అంటోంది పిల్ల. షాపతను తల కూడా ఎత్తకుండా, “ఏం తెగదులే పాపా. నూనె వేశాను, తీసుకుపో,” అన్నాడు. పిడుగు వాదించలేదు. సంచిలో చెయ్యి పెట్టి, సన్నటి రేకు జామెట్రీ బాక్సు తీసి, వాడికి వీపు చూపించి, చెవికి ఆనించుకుంది. “ఆఁ నాన్నా. తీగ మార్చాల్సిందేనా? కొత్తదే వెయ్యమంటున్నావా? సరే నాన్నా, చెప్తా నాన్నా.” గొంతులో ఎంత వినయం. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతోంది, అవతలి మనిషి మాట్లాడ్డానికి సరిపడా. ఆమె ఆగినట్టే. షాపతను లేచి కొత్త తీగ తీశాడు.

ఆమె పక్కనున్న పళ్ళ బండి కమ్మీ పట్టుకుని నిలబడింది. తాను పిల్లకి ఎక్కాలు నేర్పింది, భిన్నాలు నేర్పింది, నోరు తడారిపోయేదాకా చెప్పినా బీజగణితం ఎక్కలేదు. ఇది మాత్రం ఒక్క ముక్క చెప్పకుండానే వచ్చేసింది. నూటికి నూరు మార్కులు. నేలలోకి ఇంకిపోతే బావుండును అనిపించింది. వాన నీళ్ళు ఇంకడానికి గుంత తవ్వించింది గానీ తాను ఇంకడానికి ఒక్కటీ లేదు.

పిడుగు సైకిలు తోసుకుంటూ వస్తూ తల్లిని చూసింది. దొరికిపోయానని కంగారుపడుతుందేమో అనుకుంది ఆమె. అదేమీ లేదు. “పని అయిపోయిందమ్మా,” అంది పిల్ల. “నాన్న చెప్పాడంటే తొందరగా చేస్తారు కదా.” ఎత్తిపొడుపు కూడా లేదు అందులో. ఉంటే భరించేది. లోకం సంగతి తెలిసిన పెద్దమనిషి ఇంకో పెద్దమనిషితో చెప్పినట్టు చెప్పి, సైకిలెక్కి వెళ్ళిపోయింది.

ఆ వారమే అధ్యక్షుడి ఇంట్లో పని మొదలైంది. సంఘం మీటింగులో ఆమె భర్తని నీటి సలహాదారు అన్నారట. ఆ హోదాకి జీతం లేదు గానీ ఆయన మాత్రం కొత్త చొక్కా కొనుక్కున్నాడు. సాయంత్రం ఆమె భోజనాల బల్ల దగ్గర పరీక్ష పేపర్లు దిద్దుతోంది, ఎదురుగా పిడుగు హోంవర్కు చేసుకుంటోంది. అత్తగారు టీవీ ముందుంది. ఆయన ఫోను మోగింది.

“ఆఁ, చెప్పు. ఆఁ. ఎంత పొడుగా?” అని ఆయన అరచెయ్యి ఫోనుకి అడ్డం పెట్టాడు. “ఏమోయ్, ప్లంబరు అడుగుతున్నాడు, అధ్యక్షుడి డాబా మనదానికంటే పెద్దదట, ఆ మురికి గొట్టం ఎంత పొడుగు పెట్టాలని. ఎంతంటావ్?”

అవతల నిజంగా మనిషి ఉన్నాడు, ఇవతల నిజంగా సార్ ఉన్నాడు. చెప్పాల్సిన మాట మాత్రం మళ్ళీ ఆమె దగ్గరే ఉంది. కొలత అడిగించి, ఎర్ర పెన్నుతో పేపరు చివర్న గుణించి అంకె వేసి చూపిస్తే చాలు, ఆయన చదివేస్తాడు. అలవాటైన పనే. ఎదురుగా పిడుగు తల ఎత్తలేదు, కానీ దాని కలం ఆగిపోయింది.

“ఆ ఫోను ఇటివ్వండి,” అందామె.

“చెబితే నేను చెప్తానుగా.”

“ఇవ్వండి.”

గొంతు పెంచలేదు. క్లాసులో కూడా ఆమె గొంతు పెంచదు. అయినా ఆయన ఇచ్చాడు. “నేను మాట్లాడుతున్నాను,” అంది.

“మేడం, సార్ ఎంత పెట్టమన్నారు?”

“సార్ ఏమీ చెప్పలేదు. ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. మా ఇంట్లో మీరు వేసిన ప్రతి పైపూ నా కొలతే. ఫోనులో అవతల ఎవరూ ఉండేవారు కాదు. ఆ రోజు మా అమ్మాయి నిజమే చెప్పింది. అబద్ధం ఆడింది నేను.”

చెవులు భగభగ మండుతున్నాయి. ఇప్పుడవి ఆమె చెవులే. ఎవరూ వాటి ఎరుపు తగ్గించడానికి రాలేదు. అత్తగారు టీవీ శబ్దం తగ్గించింది. ఆయన ఖాళీ చెయ్యి ఇంకా చెవి దగ్గరే ఉంది, ఫోను పట్టుకున్న ఆకారంలో. అవతల ప్లంబరు గొంతు బాగా తగ్గించి, ఎంతో ఆదుర్దాగా అడిగాడు.

“మేడం, ఈ సంగతి సార్‌కి తెలుసా?”

ఆమె తలెత్తి భర్త మొహంలోకి చూసింది.

“ఇప్పుడే తెలిసింది,” అంది. “డాబా పొడవూ వెడల్పూ చెప్పండి.”